నా పేరు, వాడి వేలు

పావని నాన్నకి,

చేపల పులుసు వేడి చేసుకోండి. దూడకి కుడితి పెట్టండి. ఎవరొచ్చి అడిగినా రేషన్ కార్డు మాత్రం ఇవ్వకండి.

పావనిని తోడు తీసుకుని నర్సీపట్నం పోలీస్ స్టేషన్‌కి వెళుతున్నాను. మన మోపెడ్ వాయిదాల వసూలుకి వచ్చే సోమేశ్ నా పేరున బైక్ లోన్ తీసుకున్నాడు. కట్టమని నోటీసు నాకు వచ్చింది! పొద్దున్న ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లి కాగితం చూశాను. ఫొటో నాది, కార్డు జెరాక్స్ నాది. "ఫైలుకి కావాలంట, బేగి ఇచ్చీయే" అని వాడికి ఇప్పించింది మీరే. పైగా టీ కూడా పెట్టించారు.

సంతకం చోట వేలిముద్ర ఉంది. నా చీర చూసి చదువు రాదనుకున్నాడు వెధవ.

"ఈ వేలు నీదేనా, సెప్పమ్మా" అన్నాడు మేనేజరు.

"నానేల వేలిముద్ర ఏస్తాను బాబూ? నాకు సంతకం వచ్చు" అని అతని ముందే పెట్టి చూపించాను. ఆ వేలు ఎవరిదో పోలీసులే తేలుస్తారు.

దేముడమ్మ

రాత్రి బడికి వెళుతుంటే "ఇప్పుడు నీకు సదువెందుకే" అని నవ్వారు కదా. పైన ఉన్నది నా సంతకం. గుర్తుపట్టడం నేర్చుకోండి.