గొడుగుల సైటులో వేలుపెట్టిన అక్క

తమ్ముడికి అక్క ఆశీస్సులు. నిన్ను భరిస్తున్నందుకు మరదలికి రెండింతలు.

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే మనకి పోట్లాట వస్తుంది. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు, అందుకని రాస్తున్నాను.

గొడుగులు బాగుచేసే కొట్టు చూసుకుంటూనే, గొడుగులు ఎలా బాగుచేసుకోవాలో కంప్యూటర్లో ఒక సైటు పెట్టి రాస్తున్నావని విన్నప్పుడు, దాచడమెందుకు, నవ్వాను. చిరిగిన గొడుగు గురించి కూర్చుని చదివే తీరిక ఎవరికుందిరా? నవ్వినందుకు మనసు పీకి నిన్న నీ సైటు తెరిచాను. పై వాటాలో ఉండే నర్సు పక్కనే ఉంది. "ఈ అంచుల్లో కనిపించే ప్రకటనలు నొక్కితే సైటు ఓనరుకి నాలుగు డబ్బులొస్తాయి అత్తయ్యా" అంది.

ఇంకేం, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. నిచ్చెనల ప్రకటన నొక్కాను. కుక్క మెడపట్టీల ప్రకటన నొక్కాను. మోకాళ్ల నొప్పుల ప్రకటన సొంత మనిషిలా అనిపించి రెండుసార్లు నొక్కాను. కుర్చీలోంచి లేవకుండా దానధర్మాలు చేసే యోగం ఎంతమందికి ఉంటుంది? నామీద నాకే గౌరవం పెరిగిపోయింది.

నీ క్షేమం కోరే
అక్క

తా.క. నువ్వు రాసింది మాత్రం చదవలేదు. అది ప్రకటనలకి అడ్డంగా ఉంది.

*

నెత్తిన మొట్టికాయ వేసే హక్కున్న ఏకైక అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి సంతోషించాలో తల పట్టుకోవాలో తెలియక రెండూ చేశాను.

అక్కా, ఆ నాలుగు డబ్బులు ఆకాశంలోంచి ఊడిపడవు. ఆ నిచ్చెనలు అమ్ముకునేవాడి జేబులోంచి వస్తాయి. ఎవరో నిచ్చెన కొనడానికి వచ్చారనుకుని వాడు ఇస్తాడు. నువ్వు కర్టెన్ల కొట్టులో పాతికేళ్లు కౌంటరు దగ్గర నిలబడ్డావు. కొనే ఉద్దేశం లేకుండా వచ్చి, తానులన్నీ విప్పించి, "మళ్లీ వస్తాం" అని చక్కాపోయేవాళ్లని ఇంటికొచ్చి ఎన్ని తిట్లు తిట్టేదానివి? నాకోసం నువ్వూ అదే పని చేశావు. మనసులో ఏదో ఒకటి కావాలని ఉండి నొక్కితే న్యాయం. ఏమీ అక్కర్లేకుండా నొక్కితే దొంగతనం.

ఇంత నీతి చెబుతున్నాను కదా, నా సంగతి కూడా విను. నొక్కండని పాఠకుల్ని నేను అడగకూడదు, అది ప్రకటనలిచ్చే కంపెనీ రూలు. ఎవరూ నొక్కకపోతే సైటు అద్దె కట్టలేను, మూసుకోవాలి. అందుకని నోటితో వద్దంటూ కళ్లతో బతిమాలే పరిస్థితి నాది.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. నువ్వు నొక్కకపోయినా పరవాలేదులే. కొంతకాలంగా దాదాపు రోజూ క్లిక్కులు పడుతున్నాయి. లోకానికి గొడుగు విలువ తెలిసొస్తోంది. క్లిక్కులు పడ్డ రోజు నా హుషారు చూడాలి, పాటలు పాడుకుంటూ సింకులో గిన్నెలన్నీ నేనే తోమేస్తాను. పడని రోజు గోడవైపు తిరిగి పడుకుంటాను. ఈ వయసులో ఇదేం పసితనమో!

*

నీతిమంతుడైన తమ్ముడికి, తలదించుకున్న అక్క రాస్తున్నది.

తానుల మాట ఎత్తావు చూడు, అక్కడ తగిలింది. రెండు రోజులు నా మొహం నేనే అద్దంలో చూసుకోలేదు. పాతికేళ్లు ఎవరిని తిట్టానో చివరికి వాళ్లలో కలిసిపోయాను.

అందుకని దిద్దుకున్నాను. నేను విప్పించిన తానులకి నేనే బాధ్యురాలిని కదా! నొక్కిన కొట్లన్నిటికీ మళ్లీ వెళ్లి తలా ఒక వస్తువు కొన్నాను. నిచ్చెన వచ్చింది. మా ఇంటి కప్పు కన్నా పొడుగుంది, వరండాలో పడుకోబెట్టాను. దాన్ని దాటుకుంటూ వెళ్లడానికి మోకాళ్లు సహకరించడం లేదు. అదృష్టం బాగుండి మోకాళ్ల తైలం కూడా వచ్చింది. మెడపట్టీ చాలా బాగుంది, ఎర్రది, గంట కూడా ఉంది. ఖాళీగా మేకుకి వేలాడుతుంటే జాలేస్తోంది. ఒక కుక్కని చూడమని నర్సుకి చెప్పాను.

నీ సైటులోనే "ఎన్నటికీ విరగని గొడుగు" అని ఇంకో ప్రకటన కనిపించింది. ఈసారి నిజంగా కావాలనుకునే నొక్కాను. నీ ధర్మం తప్పలేదు.

సిగ్గుతో
అక్క

తా.క. ఆ గొడుగు విరిగింది. నీకు పంపనా?

*

అక్కకి,

నమస్కారాలు తర్వాత పెడతాను, ముందు కొంప మునిగిన సంగతి చెప్పనీ.

ప్రకటనల కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. నా సైటులో పడుతున్న క్లిక్కుల్లో ముప్పాతిక మూడొంతులు ఒకే మనిషి నొక్కుతున్నవట. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ప్రకటనలు పీకేస్తారట. అవి పోతే సైటు పోయినట్టే.

ఒక్కరోజే నొక్కానన్నావు. నిజం చెప్పు అక్కా. నెలల తరబడి నువ్వే నొక్కుతున్నావు కదూ? లోకమంతా నన్ను చదువుతోందని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఎదురు కొట్టు మంగలాయన దగ్గరైతే "నా పాఠకలోకం" అనే మాట కూడా వాడాను. ఆ లోకమంతా ఒక్క మనిషేనట! పోతే పోయింది డబ్బు. ఒక్కడైనా చదివాడో లేదో తెలియకుండా ఇన్నాళ్లు రాశానే, అదే మింగుడుపడటం లేదు.

దయచేసి తప్పు ఒప్పుకుంటూ కంపెనీకి నాలుగు ముక్కలు రాయి.

తమ్ముడు

తా.క. పాటలు లేవు. సింకు నిండిపోయి గిన్నెలు పొయ్యి గట్టు మీదికి పాకాయి. మీ మరదలికి నీమీద బాగా కోపమొచ్చినట్టుంది. నీ పేరెత్తితే చాలు, లేచి వెళ్లిపోతోంది.

*

తొందరపాటు తమ్ముడికి, నిర్దోషి అయిన అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. కంపెనీకి రాద్దామని కాగితం తీశాను కూడా. నేను కాకపోయినా ఒప్పుకుంటే పీడా పోతుందనుకున్నాను. ఇంతలో తలుపు చప్పుడైంది. చూస్తే మీ ఆవిడ! పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

"వదినా, ఆ క్లిక్కులన్నీ నావే" అని కూలబడింది. "ఒకసారి వారమంతా ఒక్కటీ పడలేదు. ఆయన తిండి కూడా సరిగ్గా తినలేదు. పాపమనిపించి ఒకటి నొక్కాను. ఆ పూట పాడుకుంటూ గిన్నెలన్నీ తోమేశారు. మర్నాడు పాలగిన్నె మాడింది. ఇంకోటి నొక్కాను. చుట్టాలొచ్చిన రోజు ఎనిమిది నొక్కాను వదినా!"

నవ్వాపుకోలేక నిచ్చెన మీద పడబోయాను. తర్వాత నీ నీతి తీసి చదివి వినిపించాను. మనసులో ఏదో ఒకటి కావాలని ఉండి నొక్కితే న్యాయమన్నావు. ఆవిడకి గిన్నెలు తోమే మనిషి కావలసి వచ్చాడు, నొక్కింది, దొరికాడు. నీ లెక్కన తప్పేముంది? కానీ నేను కౌంటరు దగ్గర నిలబడ్డదాన్ని, ఆ అమ్ముకునేవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. మరదలికీ గుర్తొచ్చాయి. నా బల్ల దగ్గరే కూర్చుని కంపెనీకి ఉన్నదున్నట్టు రాసేసింది. ప్రకటనలు ఎలాగూ పీకేస్తారు. పీకనీ. సైటు అద్దె తన జీతంలోంచి తనే కడుతుందట. షరతు ఒకటే, ఇకమీదట క్లిక్కులతో పని లేకుండా రోజూ గిన్నెలు నువ్వే తోమాలి. పాట నీ ఇష్టం.

ఇక నీకు మింగుడుపడని విషయం. ఇన్నాళ్లూ నీ సైటు అంచుల్నే చూశానని ఒప్పుకున్నాను కదా. విరిగిన గొడుగు ఒళ్లో పెట్టుకుని మొన్న మొదటిసారి మధ్యలోది చదివాను. ఊచ విరిగితే సైకిల్ చువ్వ ముక్క ఎలా కట్టాలో నువ్వు రాసింది రెండుసార్లు చదివి, నా చేతులతో నేనే కట్టాను. చాలా బాగా రాశావురా. నీ పాఠకలోకంలో నిజంగా ఒక మనిషి ఉంది, ఆ మంగలాయనకి చెప్పు.

ఇవాళ మరదల్ని బస్సెక్కించి వస్తుంటే పెద్ద వాన. ఆ గొడుగే వేసుకొచ్చాను. తడవలేదు.

నీ పాఠకురాలు,
అక్క

తా.క. కుక్క కూడా తడవలేదు.