బస్తా అడుగు కాయ

గుంటూరులో నాన్నకు మహిమ వందనాలు. ఒంగోలులో నేను కులాసా. ప్రభువు దయవల్ల మీరూ, అమ్మ మోకాళ్లూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టి వీధికంతా వినిపిస్తుంది, అందుకే ఉత్తరం.

పెళ్లికొడుకు మార్క్‌ను పంది అన్నానా అని అడిగారు. అనలేదు. ఇరవై నాలుగేళ్లుగా నేనొకటంటే మనింట్లో వాళ్లకు ఇంకొకటి అర్థమవుతోంది. "ఫొటో చూశావుగా, ఇంకేం చూస్తావే?" అని సఫూరా పెద్దమ్మ అంటే, అది సంచిలో పందిపిల్లను కొన్నట్టేనన్నాను. ఇంగ్లీషువాళ్ల సామెత అది. పూర్వం వాళ్ల సంతల్లో పందిపిల్లని చెప్పి మూతి కట్టిన సంచి అంటగట్టేవారట. ఇంటికెళ్లి విప్పితే పిల్లి దూకేదట. మన నీళ్లలో గేదె బేరం లాంటిదే. పెద్దమ్మ పందిని మాత్రం పట్టుకుని ఊరంతా తిప్పింది.

మీకైతే ఇదంతా చెప్పక్కర్లేదు. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లుగా బస్తాలు కోసి మచ్చు తీస్తున్నారు. "మూతి దగ్గర ఎరుపు చూసి మురిసిపోకే, తాలుకాయ అడుగునుంటుంది" అని నాకు నేర్పింది మీరే.

అందుకే పోయిన శనివారం చీమకుర్తి వెళ్లాను. మీకు చెప్పకుండానే. మార్క్ పనిచేసే గ్రానైట్ యూనిట్ ఎదురుగా టీ కొట్టులో కూర్చుని కబురంపాను. ఒళ్లంతా రాతిపొడితో వచ్చాడు. ఫొటోలోకన్నా పొట్టి. గంటసేపు నేనే మాట్లాడాను. అతను టీ చల్లారబెట్టుకుని, "మీరు మితభాషి అని మీవాళ్లు రాశారండీ," అన్నాడు.

జేబులోంచి కాగితం తీశాడు. అమ్మ చేతిరాత. మితభాషి, సౌమ్యురాలు, వంటలో ఆరితేరింది. కింద మీ సంతకం. పిల్లిని పట్టుకుందామని వెళితే సంచిలో ఉన్నది నేనే నాన్నా. ఎవరి బస్తాకూ పైన మంచికాయ పరవనివ్వని మీరు, కూతురికి పరిచారు.

యార్డు సంగతి చెబితే మార్క్ నవ్వలేదు. "అయితే అడుగున ఇంకేముందండీ?" అని అడిగాడు. నా కోపం గురించి చెప్పాను. నేను వండితే హాస్టల్ కుక్క వాసన చూసి వెళ్లిపోయిన చేపల పులుసు గురించీ చెప్పాను. అతనూ దాచలేదు. వాళ్లు పంపిన కాగితంలో ఉన్న డిగ్రీలో ఇంకా రెండు పేపర్లు మిగిలున్నాయట. గురక కూడా ఉందట.

ఈ ఆదివారం ఉంగరాలు మార్చుకునే ప్రధానం లేదని పాస్టర్‌గారికి చెప్పండి. ఇప్పుడే వద్దనుకున్నది మేమిద్దరమూ. ఆరాధన అయ్యాక మార్క్ మనింటికి భోజనానికి వస్తాడు. వంట నేను చేస్తాను. అమ్మ చెయ్యి పెట్టదు.

ఇట్లు,
మీరు మితభాషి అని సంతకం పెట్టిన కూతురు,
మహిమ