పద్నాలుగు తలల దొంగతనం

బజారు మూల సెలూను యజమానిగారికి,
ఆనవాళ్ల కార్యాలయం నుంచి తెలియజేయునది:

నిరుడు ఊళ్ళో అందరి డీఎన్ఏ, వేలిముద్రలు తీసుకుని భద్రపరిచిన సంగతి మీకు తెలిసిందే. ఆ రోజు అందరికంటే ముందు వరసలో నిలబడింది మీరేనని మా రికార్డు చెబుతోంది. సంతోషం.

మొన్న దర్జీ కొట్లో కుట్టుమిషను పోయింది. నేల మీద దొరికిన వెంట్రుకలు పరీక్షిస్తే పద్నాలుగు మంది తేలారు, జాబితా జతచేశాం. అందరూ మీ దగ్గరే కటింగు చేయించుకుంటారు. బల్ల మీద వేలిముద్రలు మాత్రం మీవి. కనుక ఇది ముఠా పని అనీ, నాయకులు మీరనీ కార్యాలయం నిర్ధారించింది. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే మీ సెలూను లైసెన్సు రద్దవుతుంది. తప్పు చేయనివారు భయపడనక్కర్లేదు.

ఇట్లు,
ఆనవాళ్ల అధికారి

తా.క. ఒక్క మిషను మోయడానికి పద్నాలుగు మంది ఎందుకో కూడా రాయండి. ఇది నా సొంత కుతూహలం.

*

అధికారిగారికి, కత్తెర పక్కనబెట్టి చేసే నమస్కారాలు.

అయ్యా, మీ ఉత్తరం చదివి మా ఆవిడ నవ్వలేక కూలబడింది. "ఇంట్లో పిల్లి కూడా లెక్కచెయ్యదు, ఈయనకి ముఠానా!" అంది.

అసలు సంగతి ఇది. కటింగప్పుడు మెడ చుట్టూ కప్పే గుడ్డలు అంచులు చిరిగితే, కుట్టమని దర్జీకి ఇచ్చాను. బల్ల మీద పెట్టింది నేనే, ఆ వేలిముద్రలు నావే. మడతల్లో ఉన్న వెంట్రుకలు రాలుంటాయి. దులిపి ఇవ్వమని మా ఆవిడ చెప్పింది, నేను వినలేదు. నా నేరం అంతవరకే. కావాలంటే దర్జీనే అడగండి. ఈ కొట్టు తప్ప మాకు వేరే ఆధారం లేదు, దాని జోలికి మాత్రం రాకండి.

మీ విధేయుడు,
సెలూనువాడు

తా.క. మీ జాబితాలో ఐదోవారు రిటైరైన జడ్జిగారు. మా కొట్టు ముందున్న రెండు మెట్లెక్కడానికే ఆయనకి నా భుజం కావాలి. ఇక పద్నాలుగో దొంగకి ఇంకా పళ్ళు రాలేదు.

*

ముఠా నాయకులుగారికి,

మీ సంజాయిషీ అందింది. మీరు చెప్పింది అభిప్రాయం. దర్జీ చెప్పబోయేదీ అభిప్రాయమే. డీఎన్ఏ మాత్రం సైన్సు.

పళ్ళు రాని ముద్దాయి విషయం పరిశీలించాం. మా ఫారంలో పళ్ళకి గడి లేదు కాబట్టి హాజరు కావాల్సిందే. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు, అది పుట్టిన రోజే తీసుకున్నాం, మా దగ్గరే ఉంది.

ఇకమీదట ఎవరి జుట్టు వారిది విడిగా పొట్లం కట్టి, పేరు రాసి భద్రపరచండి. లేదా లైసెన్సు తెచ్చి అప్పగించండి.

ఇట్లు,
ఆనవాళ్ల అధికారి

తా.క. అక్కడ మీ వెంట్రుక ఒక్కటీ దొరకలేదు. మీరు ఎంత ఆరితేరినవారో దీన్నిబట్టే తెలుస్తోంది.

*

సైన్సుగారికి నమస్కారాలు.

పొట్లాలు మొదలయ్యాయి, బేరాలు ఆగిపోయాయి. పొట్లం మీద పేరు రాస్తుంటే చూసి జడ్జిగారు సగం తలతో లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు టోపీ పెట్టుకుని తిరుగుతున్నారు. బడిపంతులు సంచీ తెచ్చుకుని, రాలిన ప్రతి వెంట్రుకా ఏరుకుని మరీ పోయాడు. మిగతావాళ్ళు జులపాలు పెంచుకుంటున్నారు గానీ నా కుర్చీ ఎక్కట్లేదు.

పొద్దస్తమానం అద్దంలో నా మొహం నేనే చూసుకుంటూ కూర్చుంటున్నాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొస్తోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే కొట్టు మూసెయ్యాలి. ముందు వరసలో నిలబడి, వేళ్ళు నొక్కి, నోరు తెరిచి బుగ్గ గీకించుకున్నానే! "ఇదంతా దొంగల కోసం, మీకేం భయం" అన్నది మీరు కాదూ?

పొట్లాలకి కొట్లో చోటు లేదు. వెనక గదిలో ఎన్నాళ్ళనుంచో పోగైన జుట్టుతో సహా అన్నీ గోనెసంచీలో కుక్కి పార్సెలు చేశాను. మీరే భద్రపరచుకోండి.

ఇట్లు,
నాయకుడు (బేరాల్లేనివాడు)

తా.క. నా వెంట్రుక ఒక్కటీ దొరకలేదన్నారు. నాది నున్నటి బట్టతల. నా ఫోటో మీ ఫైల్లోనే ఉంది, ఓసారి తెరిచి చూస్తే వేళ్ళరిగిపోతాయా?

*

ప్రియమైన సోదరా,

మీ గోనెసంచీ పరీక్ష గదిలో విప్పుతుండగా ఎవడో ఫ్యాను వేశాడు. అప్పట్నుంచి ఏ కేసు పరీక్షించినా ఊరంతా తేలుతోంది. సైకిలు దొంగతనంలో బడిపంతులు, నగల కొట్టు కన్నంలో జడ్జిగారు, పెట్రోలు బంకు దోపిడీలో ఆ పళ్ళు రాని బాబు. నేల మీద పాకుతూ జుట్టంతా ఏరింది నేనే కాబట్టి ప్రతిదాంట్లోనూ నేనూ ఉన్నాను.

నన్ను సస్పెండు చేశారు. నోటీసు కింద సంతకం కూడా నాదే. పని తేలికవుతుందని ఖాళీ నోటీసుల మీద ముందే పెట్టి ఉంచాను. దోపిడీ జరిగినప్పుడు నేను ఇంట్లో గురకపెడుతున్నానని మా ఆవిడ వెళ్ళి చెబితే, "అది మీ అభిప్రాయం" అన్నారట. ఎంత అన్యాయమండీ!

జుట్టు పార్సెల్లోంచే వచ్చిందని చెప్పడానికి సాక్షి కావాలి. ఫైల్లో ఏ మచ్చా లేనివాడే పనికొస్తాడట. అలాంటి మనిషి ఒక్కడుంటే వెతికి పెట్టండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ సోదరుడు,
అధికారి (ప్రస్తుతం ముద్దాయి)

తా.క. బాబు హాజరయ్యాడు. పై అధికారి ఒళ్ళో ఉన్న ఫైలు తడిపాడు. సాక్ష్యం పాడుచేశాడని ఇంకో కేసు పెట్టారు.

*

సాటి ముద్దాయిగారికి శుభాకాంక్షలు.

నా కష్టం గట్టెక్కింది. ఇంటింటికీ నోటీసు వచ్చేసరికి ఊళ్ళో భయం వదిలిపోయింది. ఎలాగూ దొంగలమే, తల మాసిన దొంగల్లా ఉండటం దేనికని జనం ఎగబడుతున్నారు. జడ్జిగారి రెండో సగం కూడా పూర్తిచేశాను. నా లైసెన్సు రద్దుచెయ్యడానికి మీ కార్యాలయంలో కేసు లేని మనిషే మిగల్లేదట.

మీరడిగిన మచ్చలేని మనిషి కోసం వీధి వీధీ తిరిగాను. చివరికి దర్జీ కొట్లో దొరికాడు. దారం ఊరికే తెగుతోంది, బాగుచెయ్యమని ఓ కుట్టుమిషను పట్టుకొచ్చాడు. దర్జీ తన మిషను గుర్తుపట్టి కాలరు పట్టుకుంటే, ఎత్తుకుపోయింది తనేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. మీ కార్యాలయానికి ఫోను చేశాం. మీ కుర్చీలో కూర్చున్న కొత్తాయన ఫైలు తిరగేసి, "ఆయన వెంట్రుకగానీ వేలిముద్రగానీ ఏ కేసులోనూ లేదు. ఒప్పుకోవడం ఆయన అభిప్రాయం" అన్నాడు. మిషను తెచ్చిన ఈయన చేతులకి తొడుగులు లేకుండా బయటికి రాడట, జుట్టు ఇంట్లో తనే కత్తిరించుకుంటాడట.

ఇవాళ ఊళ్ళో మచ్చలేని మనిషి ఈయనొక్కడే. మీ తరఫున సాక్ష్యం చెప్పమని బతిమాలి ఒప్పించాను.

ఇట్లు,
చేతినిండా పనిలో ఉన్న నాయకుడు

తా.క. వస్తానన్నాడు గానీ, మీ కార్యాలయం గడప మాత్రం తొక్కడట. లోపలున్నవాళ్ళంతా నేరస్థులేనట, జేబు భద్రంగా ఉండదని భయపడుతున్నాడు.