అత్తయ్యా, బిళ్ళ వేసుకోండి

జులై 7, సోమవారం

రోజుకో చిన్న యాప్ చేసి ఆన్‌లైన్ కోర్సు గ్రూపులో పెట్టాలి. ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటి నుంచి. నేను చెప్పే ఎకనామిక్స్ సెక్షన్ మూసేశారు, దసరా తర్వాత యాప్స్ క్లాసు ఇస్తాం, ఈలోగా నేర్చుకోండి మేడమ్ అన్నారు కాలేజీలో. గ్రూపులో అందరూ నా స్టూడెంట్స్ వయసువాళ్ళే. ఇవాళ కాలిక్యులేటర్. మైనస్ నొక్కితే కూడుతోంది. అలాగే పెట్టేశాను.

జులై 8, మంగళవారం

రిమైండర్ యాప్. అత్తయ్య మధ్యాహ్నం భోజనానికి ముందు షుగర్ బిళ్ళ తరచూ మర్చిపోతారు, ఆవిడ కోసమే చేశాను. పన్నెండున్నరకి ఫోన్లోంచి నా గొంతు: అత్తయ్యా, బిళ్ళ వేసుకోండి. కింద ఒకటే బటన్, వేసుకున్నాను అని. అది నొక్కేదాకా అరుస్తూనే ఉంటుంది. సైలెంట్‌లో పెట్టినా మోగుతుంది. దానికి గ్రూపులో మెచ్చుకున్నారు కూడా. టైము కోడ్‌లోనే రాసేశాను, మార్చుకునే వీలు పెట్టడం నాకింకా రాదు.

జులై 9, బుధవారం

అత్తయ్య మురిసిపోయారు. హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ ఊరందరికీ బెల్లు కొట్టించాను, ఇప్పుడు నాకు బెల్లు కొట్టేది వచ్చింది అన్నారు. అది విని జయపాల్, నన్నడక్కుండానే, యాప్ ఫైలుని చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. నా భార్య చేసింది అని రాసి మరీ. సత్యకుమారిగారు వాయిస్ మెసేజ్ పెట్టారు: నా కోడలు ఏనాడూ ఇంత మర్యాదగా పిలవలేదమ్మా, దీన్నయినా ఉంచుకుంటాను అని. అందరం నవ్వాం. తర్వాత భయం వేసింది. దేనికో తెలియలేదు.

జులై 10, గురువారం

స్క్రీన్ రంగులు మార్చే యాప్. మొదటిసారికే పనిచేసింది. నమ్మబుద్ధి కాలేదు.

జులై 11, శుక్రవారం, సాయంత్రం 5

నర్సింగ్ హోమ్ వరండాలో రాస్తున్నాను.

శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. అత్తయ్య సాయంత్రం దాకా ఏమీ తినరు, షుగర్ బిళ్ళలూ ముట్టరు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను. యాప్‌కి మాత్రం అన్ని రోజులూ ఒకటే అని రాశాను. వారాలు వేరు చేయడం తర్వాతి పాఠంలో ఉంది, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

ప్రార్థన అయ్యాక ఆటో ఎక్కబోతూ పడిపోయారు. ఒళ్ళంతా చెమట. జయపాల్‌ని చూసి, ఎవరి తాలూకు నాయనా అని అడిగారట. షుగర్ నలభైకి దిగిపోయింది. ఖాళీ కడుపుతో ఈ బిళ్ళ ఎవరు వేసుకోమన్నారండీ అని డాక్టరమ్మ కోప్పడింది. జయపాల్ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

జులై 12, శనివారం

అత్తయ్య మాట్లాడుతున్నారు. కన్నతండ్రీ, నీకు స్తోత్రం.

ప్రార్థన మధ్యలో ఫోన్ అరిచిందట. అందరూ తలలు తిప్పి చూశారట. ఆగాలంటే వేసుకున్నాను అని నొక్కాలి. వేసుకోకుండా వేసుకున్నానని దేవుడి సన్నిధిలో ఎలా నొక్కుతానే అన్నారు. సంచిలో బిళ్ళ ఉంది. తీసి వేసుకుని, అప్పుడు నొక్కారట.

ఫోనే కట్టేయొచ్చు కదండీ అన్నాను. నువ్వు చదువుకున్నదానివి, ఉపవాసంలోనూ వేసుకోవాలేమో, డాక్టర్ని అడిగే పెట్టుంటావనుకున్నాను అన్నారు.

నేనెవర్నీ అడగలేదు. ఈరోజు వద్దు అని ఇంకో బటన్ పెట్టాలని కూడా తోచలేదు.

నిన్నటి యాప్ పెట్టలేదు. గ్రూపులో ఎవరూ అడగలేదు.

జులై 14, సోమవారం

అత్తయ్య ఇంటికొచ్చారు. రెండు ఇడ్లీ తిన్నారు. ఆవిడ ఫోన్లోంచి యాప్ తీసేస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. మిగతా ఫోన్లు?

ప్లే స్టోర్లో ఉన్న యాప్ అయితే సరిచేసి అందరికీ పంపొచ్చట. ఇది ఉత్త ఫైలు, ఒకరి నుంచి ఒకరికి వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచే దారి లేదు. దయచేసి తీసేయండి అని స్త్రీల సమాజం గ్రూపులో రాశాను. దణ్ణం బొమ్మలు వచ్చాయి. చదివి పెట్టారో, చదవకుండానే పెట్టారో. సత్యకుమారిగారికి ఫోన్ చేస్తే, తీయడం నాకు రాదమ్మా, మా మనవరాలు పెట్టింది, అయినా బాగానే పిలుస్తోందిగా అన్నారు.

నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు అన్నారు జయపాల్. ఎక్కువా? ఆలోచించాల్సినప్పుడు ఆలోచించలేదు.

జులై 17, గురువారం

రేపు శుక్రవారం.

జులై 18, శుక్రవారం

పన్నెండున్నరకి ముందే వెళ్ళాను, అప్పటికే ప్రార్థన మొదలైంది, చర్చిలో వెనక చాప మీద కూర్చున్నాను. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు. పన్నెండున్నర అయింది. కిటికీ పక్క సంచిలోంచి నా గొంతు. తర్వాత స్తంభం దగ్గర. తర్వాత ముందు వరసలో. అత్తయ్యా, బిళ్ళ వేసుకోండి. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నా గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. చేతులు సంచుల్లోకి వెళ్ళాయి.

లేచి నిలబడి, వేసుకోకండి, వేసుకోకండి అని అరిచాను. పాస్టరుగారు ఆగిపోయారు. ఫోన్లలో నేను మాత్రం వేసుకోండి అంటూనే ఉన్నాను.

సత్యకుమారిగారు నోట్లోది అరచేతిలోకి ఉమ్మి, ఇదేం కోడలమ్మా, వేసుకోమంటుంది, మళ్ళీ వద్దంటుంది అన్నారు. కొందరు నవ్వారు. ఒక్కొక్కరి ముందూ కూర్చుని, ఫోన్ అడిగి, తీసేశాను. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నూకరత్నంగారు చెప్పారు. రాజోలులో వాళ్ళ చెల్లెలికి పంపారట. వాళ్ళ చర్చిలో షుగర్ ఉన్న ఆడవాళ్ళందరూ పెట్టుకున్నారట. అక్కడా శుక్రవారమే ఉపవాసం. అప్పటికప్పుడు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. ప్రార్థనలో ఉంటుందండి, అయ్యాక చేస్తుంది అన్నారు.

సాయంత్రం దాకా చేయలేదు.

జులై 19, శనివారం

రాజోలు నుంచి ఫోన్. మగ గొంతు. నా నంబరు నూకరత్నంగారు ఇచ్చారట. అందులో గొంతు మీదేనాండి అని అడిగారు. అవునండి అన్నాను. నిన్న ప్రార్థనలో మా అమ్మ ఆ పిలుపు వినే వేసుకుందండి అన్నారు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు.