సొంత ఊరు ఏదని అడిగితే

జులై 21
గోదావరి జిల్లాలో మా ఊరి ఓటర్ల జాబితాలోంచి నా పేరు తీసేశారట. పెదనాన్నగారి అబ్బాయే ఫోన్ చేశాడు. "నువ్విక్కడ ఉండట్లేదని నేనే రాసిచ్చాన్రా. అబద్ధం కాదుగా." కాదు. సరేనని ఫోన్ పెట్టేశాను.

జులై 22
నలభై ఏళ్ళు — ఎలక్షన్ వచ్చిందంటే కర్ణాటకలో ఈ క్యాంపులో పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ ఆంధ్రావాళ్ళమంతా బస్సు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని, గోదావరి జిల్లాకి. ఓటు వేసి మళ్ళీ బాళగనూరు. ఇక్కడికి మార్పించుకోమంటే నాన్న ఎగిరిపడేవాడు — "పొలం ఇక్కడుంది గానీ, మనం అక్కడివాళ్ళం." నాదీ అదే పాట. బుద్ధి లేదు, ఇంకేముంది.

జులై 25
అంగన్‌వాడీ శరణమ్మ వచ్చింది, ఓటరు ఫారాలు పట్టుకుని. "అజ్జా, ఈ ఊరి పాత లిస్టుల నీ పేరు లేదు, మీ నాయిన పేరు లేదు. ఇన్ని దినాలు ఏం చేసినవ్?" నేను ఇక్కడే ఉంటున్నానని బాళగనూరు మనిషెవరైనా ఆఫీసరు ముందు చెప్పాలట. క్యాంపువాళ్ళు పనికిరారు. వాళ్ళదీ నా గతే.

జులై 26
ఎవరిని అడగాలి? పొద్దుటి నుంచీ ఆలోచిస్తే ఒక్క పేరు. యాభై ఏళ్ళలో ఒక్కటి! మా ఆవిడ బతికుంటే "చూశారా మరి" అని దెప్పేది. దెప్పేవాళ్ళు కూడా లేరు ఇంట్లో.

జులై 28
హనుమంతప్ప. పక్క పొలం. కాలవ నీళ్ళకు అతని వంతు తరవాతే నా వంతు, ముప్పై ఏళ్ళుగా. గట్టు మీదే అడిగాను. చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు.
"వస్త తియ్యన్నా. గానీ గిన్నేండ్లల్ల ఒక్కపారన్న బాళగనూరు మా ఊరు అన్నవా నువ్వు?"
నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

జులై 31
ఆధార్ ఉంది. పట్టా ఉంది. అక్కడికెళ్తే "కన్నడపోళ్ళొచ్చారు". ఇక్కడ "ఆంధ్రోళ్ళు". రెండూ పడ్డాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఈ దేశంలో ఏ కాగితం మీదా నా ఓటు లేదు. భయంగా ఉంది.

ఆగస్టు 3
సింధనూరు ఎలక్షన్ ఆఫీసుకి వెళ్ళాం, హనుమంతప్ప బండి మీద. ఆఫీసరు కుర్రవాడే. మర్యాదగానే అడిగాడు — "స్వంత ఊరు యావుదు?"
"తణుకు దగ్గరండీ."
వచ్చేసింది నోట్లోంచి. పక్కనే హనుమంతప్ప. నా మొహం చూడలేదు. "చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, మా ఊరాయనే" అని కన్నడంలో చెప్పి సంతకం పెట్టాడు. చూస్తామన్నారు.
నేను బయటికొచ్చేసరికి బండి లేదు. బస్సులో వచ్చాను.

ఆగస్టు 4
కాలవకి నీళ్ళొదిలారు. రేపు అతని వంతు, ఎల్లుండి నాది. గట్టు మీద ఎదురుపడక తప్పదు. చెప్పాలి... బాళగనూరు మా ఊరు, అంతే, మూడు మాటలు. నా నోటి మీద నాకే నమ్మకం లేదు.