కొంగను గోళ్ళు పూయమన్నాను

2014 ఆగస్టు, శుక్రవారం

ఊడుపులైన మా మడిలోకి ఈ రోజు కూడా ఆ పెద్ద తెల్లకొంగ వచ్చింది. చిన్న కొంగలన్నీ పక్క పొలంలో ట్రాక్టరు వెనకాల గుంపుగా తిరుగుతుంటే, ఇది వాటితో కలవదు. పొడుగాటి నల్లకాళ్ళతో నీళ్ళలో ఒక్కటే నిలబడి, మెడ వంచి చూస్తుంటుంది. ఎంతసేపటికో పసుపు ముక్కుతో ఒక్క పోటు పొడిచి చేపపిల్లను మింగుతుంది.

అది లేచి నా మీదుగా ఎగిరిపోతుంటే, చిన్నప్పటిలా రెండు చేతుల గోళ్ళూ చూపించి, "కొంగా కొంగా, గోళ్ళు పుయ్యవా" అన్నాను. గోటి మీద తెల్లచుక్క పడితే కోరింది దక్కుతుందని మా కన్నవారి ఊళ్ళో అనుకునేవాళ్ళం. వెనక అత్త ఉందని చూసుకోలేదు.

"ఏటే, పెళ్ళయినా ఇంకా కొంగల్ని అడుగుతన్నావా?" అని నవ్వింది.

సాయంత్రం మా ఆయన చెన్నై నుంచి ఫోన్ చేస్తే, అత్త స్పీకర్ పెట్టి మొదట ఆ మాటే చెప్పింది.

"ఒరే, నీ పెళ్ళాం కొంగకి గోళ్ళు సూపించిందిరా!"

మావయ్య, ఆడపడుచు పడిపడి నవ్వారు. ఆయనా నవ్వాడు.

"ఏటడిగేవు? కొత్త సీరా?" అన్నాడు నాతో.

నేను అడిగింది దసరాకి ఆయన రావాలని. ఇంటిల్లిపాదీ వింటుంటే ఆ మాట నోటికి రాలేదు.

"ఊఁ, సీరే" అన్నాను.

"దానికి కొంగనడగడమెందుకే? దసరాకి పంపిస్తాన్లే."

పంపిస్తానన్నాడు. తెస్తాననలేదు. అంటే ఈసారీ రాడేమో...