జెర్రి వెనకవైపు

అన్నయ్యకు,

మనిద్దరం మట్టి ఎత్తే లోడరు బండ్లు చెరొకటి కొన్ననాటి నుంచీ నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం వదిన చేతికిస్తున్నాను. బడి పునాది దగ్గర బురదలో దిగబడిన నీ టైర్ల లోడరు క్షేమంగా బయటికొచ్చింది. కంగారు పడకు. లాగింది నా బండే.

షోరూములో ఎంత గొడవ చేశావు! "టైర్లు మానేసి రబ్బరు బెల్టుల మీద నడిచేదా? జెర్రిలా పాకుతుందే! పరువు తీస్తావు" అన్నావు. నున్నటి సిమెంటు నేల మీద రెండూ తిప్పి చూపిస్తే నీదే పరుగెత్తింది, నిజమే. నేను గేటు పక్క బురదలోకి దించమన్నాను.

"కొత్త బండి మేడమ్, మట్టి అంటుకుంటుంది" అన్నాడు మేనేజరు.

"మరి కొనేది దేనికి, హాల్లో పెట్టుకోడానికా?" అన్నాను.

నా జెర్రి ఆ బురదలో పరుపు మీద నడిచినట్టు నడిచింది. నువ్వు చూడలేదు. అప్పటికే టైర్లదానికి అడ్వాన్సిచ్చి కాఫీ తాగుతున్నావు.

ఇవాళ వాన వెలిశాక నీ డ్రైవరు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అమ్మా, బండి ఇరుసు దాకా కూరుకుపోయింది. సార్‌కి మాత్రం చెప్పకండి" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. అందుకే రాస్తున్నాను. అతన్ని ఏమీ అనకు, తప్పు టైర్లది.

అన్నట్టు, నువ్వు పెట్టిన పేరు నాకు తెగ నచ్చింది. "జెర్రి" అని ఎర్ర రంగుతో పెద్దగా రాయిస్తున్నాను. ముందు రాయాలా, వెనకా అని పెయింటరు అడిగాడు. వెనకే అన్నాను. నీ బండికి కనిపించేది ఆ వైపే కదా!

నీ చెల్లెలు